చెవుల్లేని పంది

పందిని ఉప్పులో వేసే పని మొదలుపెడితే టామ్సిన్ చెయ్యి ముందు తలకాయ మీదికి పోతుంది. దవడలు వేరుచేసి, మెదడు తీసి గిన్నెలో పెట్టాక గానీ మిగతా ముక్కల జోలికి వెళ్ళదు. హార్ల్ దొర ఇంట్లో ఐదేళ్ళుగా చేతికి పట్టుబడిన వరస అది. ఆ పొద్దున దొర తనే భుజాన మోసుకొచ్చి బల్ల మీద పడేసిన పందికి తలకాయ లేదు.

"తల ఏదయ్యా?" అంది టామ్సిన్.

"పడవ దిగేటప్పుడు జారి కాలవలో పడింది" అన్నాడు గిడియన్ హార్ల్, తొట్టిలో చేతులు కడుక్కుంటూ. "తలకాయ వండిపెట్టమని ఇక్కడెవరూ ఏడవడంలేదు. ఉప్పు పట్టించు."

టామ్సిన్ ఉప్పు జాడీ దగ్గరికి లాక్కుంది. కానీ మేరీలాండులో పందిని చంపినవాడు తలకాయ పోగొట్టుకోవడమంటే పెళ్ళికొచ్చినవాడు పెళ్ళికూతుర్ని మరిచిపోవడమే. పందులకు దొడ్లుండవు. పటుక్సెంట్ నది ఒడ్డు పొడుగునా అందరి పందులూ అడవిలో కలిసి మేస్తాయి. ఏది ఎవరిదో చెప్పేది చెవి మీది కోత ఒక్కటే. హార్ల్ గారి పందులకు రెండు చెవులూ నిలువునా చీల్చి ఉంటాయి. కాలవ అవతల ఉండే క్రూమ్ విధవరాలి పందులకు ఎడమ చెవి కొన తెగ్గోసి, కుడి చెవికి బెజ్జం పెట్టి ఉంటుంది. చంపినవాడు చెవులు దాచి, పొరుగువాడు వచ్చి అడిగితే చూపించాలి. చూపించలేనివాడు దొంగ. ఇందులో పెద్ద ధర్మశాస్త్రం ఏమీ లేదు, పాలు మరవని పిల్లలకు కూడా తెలుసు.

ఆమె ముతక ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని తొడ ఎముక పక్కన వేలితో లోపలికి కూరింది. అక్కడ ఉప్పు దిగకపోతే చలికాలం సగంలోనే మాంసం మురిగిపోతుంది. దొర ఎవరి పందిని చంపితే నాకేం అనుకుంది. నవంబరులో వచ్చే మార్టిన్ పండగ వారం రోజుల్లో ఉంది. ఓడ ఖర్చు కింద రాసిచ్చిన ఐదేళ్ళ చాకిరీ గడువు ఆ రోజుతో తీరిపోతుంది. కొత్త గౌను, ఒక పార, పీపా మొక్కజొన్నలు ఇచ్చి పంపాలి. నది దిగువన దర్జీ భార్య ఒకావిడ కూలికి పెట్టుకుంటానని మాటిచ్చింది. కూలి అన్న మాట తలచుకుంటేనే టామ్సిన్‌కు నోట్లో నీళ్ళూరేవి.

ఆ మధ్యాహ్నమే దొరసాని డార్కస్ చిక్కటి పాలు గిన్నెనిండా పోసి తెచ్చింది.

"తాగమ్మా. పొద్దుట్నించీ ఉప్పులో నానుతున్నావు."

టామ్సిన్ గిన్నె వంక చూసింది, దొరసాని వంక చూసింది. ఐదేళ్ళలో "ఒసేయ్" తప్ప మరో పిలుపు ఎరగదు. డార్కస్ వెన్న తీసిన మజ్జిగ కూడా పందులకు పోసే మనిషి. అతివినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా. గడువు దగ్గరపడ్డ పనిమనిషికి కొత్తగా ప్రేమ పంచిపెట్టే యజమానుల కథలు నది మీద ప్రతి పడవవాడూ చెబుతాడు. మొన్న వసంతంలో ఎగువ తోటలో ఒక పిల్లకు దొరసాని దగ్గరుండి జడ అల్లింది. మూడోనాడు ఆ పిల్ల మూటలో దొరసాని లేసు దొరికింది. రెండేళ్ళు అదనంగా రాశారు. ఆ పిల్ల ఇంకా అక్కడే మొక్కజొన్న దంచుతోంది.

టామ్సిన్ గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చి, నలుగురికీ కనబడేలా నిలబడి, తాగింది. పాలు ఎవరో ఇచ్చినవే గానీ దొంగిలించినవి కావని కాలవ మీద పోయే బాతులకు కూడా తెలియాలి. ఆనాటినుంచి ఇంట్లోంచి బయటికి వచ్చే ప్రతిసారీ గౌను జేబులు తిరగేసి దులపడం అలవాటు చేసుకుంది.

మర్నాడు ముసురు పట్టింది. పొగాకు ఆకు మెత్తబడి ముట్టుకుంటే విరక్కుండా ఉండేది అలాంటి రోజునే. కొట్టంలో వేలాడే కర్రలను దింపి, కాడనుంచి ఆకు ఒలిచి, పొడుగు సరిపోయినవి చేర్చి, ఒక ఆకును మడిచి కట్ట మెడకు చుట్టి కట్టాలి. టామ్సిన్ ఒక పక్క, టేగ్ ఒక పక్క కూర్చుని ఒలుస్తున్నారు. టేగ్ ఐర్లండు వాడు. ఇంకా మూడేళ్ళ చాకిరీ ఉంది. పొట్టిగా, ఎముకలు బలంగా, ఎప్పుడూ ఏదో నవ్వు మింగుతున్నట్టు ఉంటాడు. ఐర్లండు వాళ్ళంటే ఆ నది మీద ఎవరికీ నమ్మకం లేదు. వాళ్ళ నవ్వంటే మరీ లేదు.

"టామ్సిన్, నీతో ఒక మాట" అన్నాడు టేగ్, గొంతు తగ్గించి.

"పెద్దగా చెప్పు. లేకపోతే చెప్పకు."

"పెద్దగా చెప్పేది కాదు. ఆ పంది సంగతి."

తలుపు దగ్గర దొరసాని గౌను అంచు కనబడినట్టయింది. మగ నౌకరుతో గుసగుసలాడుతూ దొరికితే కడుపు ఉందో లేదో చూడమని మంత్రసానిని పిలిపిస్తారు. ఆ వంకతో గడువు ఎన్ని నెలలు జరుపుతారో దేవుడికే ఎరుక.

"నాకే పందీ తెలీదు" అంది గట్టిగా. "దొర తెచ్చాడు, నేను ఉప్పేశాను. నీ పని నువ్వు చూసుకో."

టేగ్ తలుపువైపు చూసి, మళ్ళీ ఆకు ఒలవసాగాడు. కాసేపటికి, కర్రలు మోసుకుపోతూ పక్కనుంచి వెళ్ళి, "నీ పరుపులో గడ్డి మార్చుకో పిల్లా, పండగలోపల. మరిచిపోకు" అన్నాడు. అదే నవ్వు.

ఆ మాట టామ్సిన్ వీపులో ముల్లులా దిగింది. పనిమనిషి పరుపులో గడ్డి గురించి మగవాడికెందుకు? కట్ట కట్టడం రెండుసార్లు తప్పింది. నీళ్ళకని చెప్పి లేచి, వంటింటి వెనక తన మూలకు పోయి, పరుపు గోనె కుట్లు విప్పి చెయ్యి పెట్టింది. మొక్కజొన్న పొత్తు పొరల్లో చుట్టిన చిన్న పొట్లం తగిలింది. విప్పింది. ఉప్పు అద్దిన రెండు పంది చెవులు. ఒకదాని కొన తెగ్గోసి ఉంది. రెండోదానికి బెజ్జం.

ఆమె పరుపు మీదే కూర్చుని రెండు చెవులూ పక్కపక్కన పెట్టి చూసింది. ఇదన్నమాట పాల గిన్నె. ఇదన్నమాట ఐర్లండు వాడి నవ్వు. దొరే పెట్టించాడా, టేగే తనంతట తాను పెట్టాడా? దొంగను పట్టిచ్చినవాడికి బహుమానం ఉంటుంది. మూడేళ్ళున్నవాడు ఒక ఏడాది కొట్టేయించుకోవడానికి ఎవర్ని ముంచమంటే వాళ్ళని ముంచుతాడు. వాడి నోటితోనే వాడు బయటపడ్డాడు కూడా. పొయ్యిలో వేస్తే ఇల్లంతా వాసన కొడుతుంది. కాలవలో వేద్దామంటే దొరసాని కిటికీలోంచి కాలవంతా కనబడుతుంది. పొట్లం మళ్ళీ గడ్డిలోకి తోసి, ఏమీ ఎరగనట్టు నీళ్ళకడవ ఎత్తుకుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. గాలికి పెంకు కదిలినా దొర వస్తున్నాడనే అనుకుంది.

క్రూమ్ విధవరాలు మర్నాడు భోజనాల వేళకు పడవ దిగింది. చేతిలో కర్ర, వెనక కుక్క. మొగుడు పోయాక తోట తనే చేసుకుంటోంది. మాట కూడా మగవాళ్ళలాగే ఉంటుంది.

"నా మచ్చల పంది నాలుగు రోజులుగా కనబడటంలేదు హార్ల్. నీ పొగగూట్లో మాంసం వేలాడుతోందని విన్నాను. చెవులు చూపించు."

"చూపించకేం" అంటూ హార్ల్ గూట్లోంచి రెండు చెవులు తీసి బల్లమీద పెట్టాడు. నిలువునా చీల్చినవి, ఎండి చెక్కయినవి.

విధవరాలు వాటిని తిరగేసి చూసింది. "ఇవి ఎప్పుడో పంటకోతలనాటివిలా ఉన్నాయే."

"నా చెవులు కోసి చూపించమంటావా?" అని నవ్వాడు హార్ల్. "నా మీద నీకు అనుమానమైతే నా ఇల్లు వెతుక్కో. నౌకర్ల మూలలూ వెతుక్కో. ముందు కూర్చుని ఆపిల్ సారా పుచ్చుకో."

డార్కస్ సారా వంచుతోంది. విధవరాలు కుర్చీ లాక్కుంది. తలుపు పక్కన నిలబడ్డ టామ్సిన్ ఖాళీ పళ్ళెం ఎత్తుకుంది. వెతుక్కో అన్నాడు. అంత ధైర్యంగా అన్నాడంటే ఎక్కడ దొరుకుతాయో తెలిసే అన్నాడు. ఒక గిన్నె సారా తాగేంత వ్యవధి ఉంది.

ఆమె పళ్ళెం కడగడానికని వెనక్కి వెళ్ళింది. పొట్లం తీసి రవికెలో దోపుకుని, వాన చినుకుల్లో కొట్టానికి నడిచింది. పరుగెత్తలేదు. టేగ్ పీపాలో పొగాకు కట్టలు పేరుస్తూ, పైన పలక వేసి మీదెక్కి తొక్కుతున్నాడు. అటు తిరిగి ఉన్నాడు. అటక మీద అతని కంబళి చుట్టి ఉంది. పొట్లం అందులోకి తోసేసి అదే నడకతో వెనక్కి వచ్చింది. దొరను వేలెత్తి చూపిస్తే ఆ వేలు మిగలదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గదా, భయం కూడా మెత్తని చోటే చూసుకుని దిగింది. అప్పుడు మాత్రం ఆమె అలా అనుకోలేదు. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడనుకుంది.

వెతకడం ఎంతోసేపు పట్టలేదు. విధవరాలి కుక్కే అటక నిచ్చెన దగ్గర మొరిగింది. హార్ల్ కంబళి దులపగానే చెవులు కింద పడ్డాయి. వాటిని చూసి దొర ముఖం సున్నం కొట్టినట్టయింది. ఒక్క క్షణం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అది టామ్సిన్ చూసింది. చూసి కూడా, దొంగవేషాలు భలే వేస్తాడనుకుంది.

"ఇవి నావే" అంది విధవరాలు.

హార్ల్ తేరుకున్నాడు. "నా నీడన ఇలాంటివాణ్ణి పెట్టుకున్నానా" అంటూ టేగ్ వైపు తిరిగి, మళ్ళీ టామ్సిన్ వైపు చూశాడు. "వీడు వీటిని దాచడం నువ్వేమైనా చూశావా?"

టేగ్ పీపామీద అలాగే నిలబడి ఉన్నాడు. చెవుల వంక కాదు, ఆమె వంక చూస్తున్నాడు. ఆ ముఖంలో నవ్వు లేదు.

"చూశాను" అంది టామ్సిన్.

రేవు దగ్గరి సారాకొట్టులోనే నెలనెలా న్యాయసభ కూర్చుంటుంది. మంగళవారం ముగ్గురు పెద్దలు బల్లవెనక కూర్చున్నారు. ముగ్గురివీ పొగాకు తోటలే. టామ్సిన్‌ను బైబిలు ముట్టుకోమని అడిగారు. ముట్టుకుని, చూశానని మళ్ళీ చెప్పింది. రెండోసారికి ఆ మాట నోటికి అలవాటైపోయింది. టేగ్‌ను ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఐర్లండువాడి మొండితనం అన్నాడు పెద్దల్లో ఒకడు. కొరడా దెబ్బలు కాక, పంది పోయినందుకు క్రూమ్ విధవరాలి దగ్గర ఒక ఏడాది, పరువు పోయినందుకు హార్ల్ దగ్గర ఒక ఏడాది అదనపు చాకిరీ రాశారు. పంది ఒకటే, ఏళ్ళు రెండు. ఆ తర్వాత ముగ్గురూ భోజనానికి లేచారు.

దెబ్బలు కొట్టేటప్పుడు టామ్సిన్ సారాకొట్టు వెనక్కి వెళ్ళి నిలబడింది. చెవులు మూసుకోలేదు. అన్నీ వినబడ్డాయి.

మార్టిన్ పండగ తెల్లవారింది. ఇంకా ఏదో జరుగుతుందని, చివరి గడియలో ఏదో బయటికి తీస్తారని ఆమె కాచుకునే ఉంది. డార్కస్ గౌను ఇచ్చింది. కుట్లు లాగి చూసింది, గట్టిగానే ఉన్నాయి. పీపా మూత తీసి మొక్కజొన్నల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి కెలికింది, అడుగుదాకా మంచి గింజే. పార కొత్తది. అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. అదే ఆమెను మరీ భయపెట్టింది.

హార్ల్ పొగగూట్లోంచి పంది తొడ ఒకటి దింపి, గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది రాసుకున్నదాంట్లో లేదయ్యా" అంది టామ్సిన్, చేతులు దూరంగా పెట్టుకుని.

"తీసుకో. నీ రుణం ఉంచుకోను." దొర ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు దించాడు. "తలకాయకు రాయి కట్టి కాలవలో వేసింది నేనే. అది వాడికెలా దొరికిందో నాకిప్పటికీ అంతుబట్టడంలేదు. మాంసానికి ఉప్పేసినదానివి, నువ్వెక్కడ నోరు జారతావోనని మా ఆవిడా నేనూ వారం రోజులు పాలూ వెన్నా పోసి బతిమాలుకున్నాం. నువ్వు చూస్తే ఇంతపని చేశావు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. తెలివిగలదానివి, బతుకుతావు."

దొర భుజం తట్టి వెళ్ళిపోయాడు. టామ్సిన్ తొడ పట్టుకుని అక్కడే నిలబడింది. చెవులు పెట్టించింది దొర కాదు. అయితే టేగ్ దొరకు చెప్పనూ లేదు, బహుమానం అడగనూ లేదు. మరెందుకు పెట్టాడు?

టేగ్ కొట్టం వాకిట్లో గోడకు ఆనకుండా, ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఆకు ఒలుస్తున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఇప్పుడు ఎవరు చూసినా ఆమెకు పోయేదేమీ లేదు.

"ఎందుకు పెట్టావు నా పరుపులో?"

అతను ఆకు కాడ వదలకుండానే చెప్పాడు. "దొర పారేసిన చోటు చూశాను. పోటు తగ్గి నీళ్ళు తీసినప్పుడు దిగి చెవులు కోసుకొచ్చాను. గడువు తీరినరోజు నిన్ను పోనివ్వనంటే, అవి చూపించి బెదిరిస్తావనుకున్నాను. వాళ్ళ దేశపుదానివి, నీ మాట వింటారు. నాదెవరు వింటారు? చెబుదామని వస్తే నువ్వు నోరెత్తనివ్వలేదు."

"సభలో చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? చెవులు నీ పరుపులోవంటే నీ మీదికి వస్తుంది. నిన్నూ ఆపేస్తారు. మనలో ఒకరం ఎలాగూ ఉండిపోవాల్సిందే గదా." కట్ట మెడకు ఆకు చుట్టి బిగించాడు. "పో టామ్సిన్. పడవవాడు కేకేస్తున్నాడు. నీ మొహం చూడాలని లేదు నాకు."

సిగ్గుతో ఆమె ఒళ్ళంతా కాలిపోయింది. వెళ్ళి పడవెక్కింది.

పడవ కాలవ మధ్యకు వచ్చాక, అవతలి ఒడ్డున క్రూమ్ విధవరాలి రేవు కనబడింది. టామ్సిన్ అక్కడ ఆపమంది. పడవవాడు సణిగాడు, దర్జీ ఊరు చేరేసరికి పోటు తిరుగుతుందన్నాడు. ఆమె వినిపించుకోకుండా తొడ చంకన పెట్టుకుని గట్టెక్కింది.

విధవరాలు వంటింట్లో మొక్కజొన్న పిండి కలుపుతోంది. టామ్సిన్ గుడ్డ విప్పి తొడను బల్లమీద పెట్టింది.

"ఇది మీ పందే అమ్మా. చంపింది హార్ల్ దొర. తన నోటితోనే నాకు చెప్పాడు. చెవుల్ని టేగ్ కంబళిలో పెట్టింది నేను. బైబిలు ముట్టుకుని అబద్ధం చెప్పాను."

చెప్పేశాక ఒక అడుగు వెనక్కి వేసింది. కేకలు వేస్తుందనుకుంది. న్యాయసభకు కబురు పంపుతుందనుకుంది. తన కొత్త గౌను మీద తనే చెయ్యి వేసుకుని నిలబడింది.

విధవరాలు వంగి తొడ వాసన చూసింది. ఎముక పక్కన వేలితో నొక్కింది. "ఉప్పు బాగా పట్టింది" అని దాన్ని దూలం కొక్కేనికి తగిలించింది. "హార్ల్ సంగతి నాకు తెలీదనుకున్నావా? ఆ చెవులు కోతలనాటివని చూస్తూనే అన్నాను."

"మరి సభలో ఎందుకు ఊరుకున్నారు?"

"హార్ల్‌తో తగువేసుకుంటే నా పీపాలు ఓడదాకా ఎవడు చేరుస్తాడు? వాడి పడవే గతి నాకు. ఇప్పుడు చూడు, ఒక పంది పోయింది, ఒక మగాడి ఏడాది వచ్చింది. నిజం చెప్పి దాన్ని పోగొట్టుకోమంటావా? పో, మళ్ళీ ఈ మాట ఎక్కడా అనకు. నీకే రెండేళ్ళు వేస్తారు."

టామ్సిన్ ఖాళీ గుడ్డ మడిచి చంకన పెట్టుకుంది. నిజం చెబితే శిక్ష పడుతుందని భయపడుతూ వచ్చిందే గానీ, నిజాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకునేవాళ్ళుండరని ఆమె అనుకోలేదు. ఈ నది మీద చెల్లేది నిజం కాదు, ఏళ్ళు. ఆమె దగ్గర ఇవాళ్టినుంచే సొంత ఏళ్ళున్నాయి.

"ఆ ఏడాది నేను చేస్తాను" అంది. "టేగ్ బదులు."

విధవరాలు పిండి కలపడం ఆపింది. "నీకు మతిపోయిందా? ఆడదాని ఏడాది మగాడి ఏడాదికి సరిపోతుందా?"

"ఏడాదిన్నర."

"పొగాకు?"

"నాటడం దగ్గర్నుంచి పీపా తొక్కడందాకా అన్నీ వచ్చు. మాంసం కూడా చూశారుగా."

విధవరాలు పిండిచేతులతోనే దగ్గరికి వచ్చి, ఆమె ముఖంలోకీ, తర్వాత నడుం వైపూ చూసింది. "ఎవడే వాడు నీకు? కడుపుగానీ ఉందా? ఉంటే ముందే చెప్పు."

"లేదమ్మా. ఏమీ కాడు."

"ఏమీ కానివాడికోసం ఏడాదిన్నర రాసిచ్చేవాళ్ళని నేను చూళ్ళేదు." విధవరాలు నమ్మలేదు, నమ్మినట్టు నటించనూ లేదు. "హార్ల్ నిన్ను పంపాడా నా ఇంట్లో ఏముందో చూడమని?"

"లేదమ్మా."

"సరే, రేపు పెద్దల దగ్గరికి పోయి మార్పిస్తాను. వాడి ఏడాది నాకక్కర్లేదని చెబుతాను. హార్ల్ దగ్గరిది నువ్వూ నేనూ మాన్పించలేం, అది వాడు చెయ్యాల్సిందే." ఆమె వెళ్ళి పిండి ముద్దను మళ్ళీ పిసకసాగింది. "రాత్రిళ్ళు నీ గదికి బయట గడియ పెడతాను. మాంసం గది తాళం నా మెడలోనే ఉంటుంది. తర్వాత ఏడవకు."

"పెట్టుకోండమ్మా" అంది టామ్సిన్, మూట దింపుకు రావడానికి రేవు వైపు నడుస్తూ.